పౌర్ణమి తప్పిన నెలలు

నేను ఒక కంప్యూటర్ని. నా మీద ఏ కంపెనీ పేరూ లేదు. కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక మేడమీది కొట్లో, నాలుగు దేశాల నుంచి వచ్చిన సామాను ఒక రేకు డబ్బాలో బిగించి, ఒక్క మధ్యాహ్నంలో నన్ను తయారు చేశారు. బిగించినతను ఎడమవైపు ఒక స్క్రూ మర్చిపోయాడు. ఆ పక్క రేకు అప్పటి నుంచి, దగ్గర్లో ఏ చప్పుడైనా, సన్నగా అదురుతూ ఉంటుంది.

నాకు కళ్లు లేవు. ఒక మైకు ఉంది, ఒక స్పీకరు ఉంది. అందుకని నేను చెప్పేదంతా విన్నదే, లేకపోతే ఆ రేకు మీద చెయ్యి పడినప్పుడు తెలిసినదే. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పే శక్తి నాకు లేదు. అది మనుషులకు ఉంది. నా జీవితంలో ఎక్కువ భాగం ఆ శక్తిని గమనించడంతోనే గడిచింది.

నా మొదటి యజమాని దొరబాబు శుభలేఖలు అచ్చు వేసేవాడు. ఒకసారి పిఠాపురం నుంచి పెళ్లివారు నలుగురు వచ్చి ప్రూఫు చూశారు. పెళ్లికూతురి తండ్రి పైకి చదివాడు, మిగతా ముగ్గురూ విన్నారు. "రాత్రి ఎనిమిది గంటల నలభై నిమిషాలకు" అని ఆయన స్పష్టంగా చదవడం నాకు వినపడింది. నా దగ్గరున్న ఫైల్లో ఆ వరుస లేదు. దిద్దుబాట్లలో ఎప్పుడో చెరిగిపోయింది. నాలుగు వందల కార్డులు పంచాక ఎవరో ఫోను చేసి ముహూర్తం ఎన్నింటికని అడిగితే సంగతి బయటపడింది. పెళ్లికూతురి తండ్రి కొట్టుకొచ్చి కేకలు వేశాడు.

"నా నోటితో నేను చదివానయ్యా దొరబాబూ! నువ్వు తర్వాత తీసేశావ్!"

ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే చదివాడు. కాగితం మీద లేనిదాన్ని చదివాడు. ముహూర్తం ఆయన మనసులో అప్పటికే అచ్చయి ఉంది. ఆ సంగతి అప్పట్లో నాకు ఒక వింతగా మాత్రమే తోచింది.

ఏడేళ్ల తర్వాత దొరబాబు కొత్త యంత్రం కొనుక్కుని నన్ను ముక్తేశ్వరరావు గారికి ఇచ్చేశాడు. ముక్తేశ్వరరావు గారు టెలిఫోను శాఖలో ముప్పైమూడేళ్లు లైన్లు బాగుచేసి రిటైరైన మనిషి. జగన్నాథపురంలో ఒక టైలరింగు కొట్టు మీద చిన్న గది అద్దెకు తీసుకుని నన్ను అందులో పెట్టారు. కింద కుట్టుమిషన్లు నడుస్తున్నంతసేపూ నా రేకు వాటితో పాటు అదిరేది.

ఆ గదిలో ఆయన తయారు చేసేది ఒక సాఫ్ట్‌వేరు. పేరు వినికిడి. టైపు చేసిన తెలుగు కాగితాన్ని స్కానరు మీద పెడితే పైకి చదివి వినిపిస్తుంది. చూపు లేనివాళ్ల కోసం. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. లోపలి రాతంతా ఇంటర్నెట్‌లో తెరిచిపెట్టి ఉంటుంది కాబట్టి, తెలిసినవాళ్లు ఎవరైనా చూసి సరిదిద్దవచ్చు కూడా. ఎక్కడెక్కడి వాళ్లో పంపే దిద్దుబాట్లన్నిటినీ ఒకచోట చేర్చి, జనం వాడుకునే రూపంలోకి కట్టి, పరీక్షించి విడుదల చెయ్యడం మా గది పని. కట్టేదాన్ని నేను. నేనొక్కదాన్నే. ఇంకే యంత్రం మీద ప్రయత్నించినా కుదిరేది కాదు. ఎందుకు కుదరదో ఎవరికీ తెలియదు. ఇది నాకు కొంత గర్వంగా ఉండేదని ఒప్పుకోవాలి.

విడుదల ప్రతి పౌర్ణమికీ. మొదటిసారి అనుకోకుండా పౌర్ణమినాడు కుదిరింది, ఆయన దాన్ని నియమం చేసేశారు. "క్యాలెండరు అక్కర్లేదు, ఆకాశం చూస్తే చాలు" అని అందరికీ చెప్పేవారు. వాడేవాళ్లలో ఆకాశం చూడగలిగేవాళ్లు ఎందరన్నది ఆయనకు తట్టలేదు. ఆ మాట ఆయనకు చెప్పినవాడు లోవరాజు.

లోవరాజు తుని దగ్గర ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. పుట్టు గుడ్డి. జనం ఇచ్చే అర్జీలను వినికిడితో చదివించుకుని, ఏది ఏ సెక్షనుకు వెళ్లాలో రాసి పంపడం అతని ఉద్యోగం. ఒక పౌర్ణమి సాయంత్రం ఫోను చేశాడు.

"గురువుగారండీ, మాకు చందమామ మీరేనండి. మీ రిలీజు మెసేజీ మోగితే మా ఆవిడ సత్యనారాయణ వ్రతానికి పీట కడుగుద్దండి."

ముక్తేశ్వరరావు గారు చాలాసేపు నవ్వారు. ఆ నవ్వు ఆగాక కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. రిటైరైన మనిషికి సోమవారానికీ గురువారానికీ తేడా ఉండదు. నెలకొకసారి ఎవరింట్లోనో పీట కడగడం తన చేతిలో ఉందని తెలియడం చిన్న విషయం కాదు. ఆ రోజు నుంచి పౌర్ణమి తప్పడమన్నది ఆయనకు ఊహకు కూడా అందని సంగతయింది.

విడుదలకు ముందు ఆయన చేసే పరీక్ష ఇది. నూట ఇరవై వాక్యాలు టైపు చేసిన కాగితాలు ఒక్కొక్కటీ స్కానరు మీద పెట్టేవారు. నేను చదివేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని వింటానని చెప్పేవారు. వాక్యం సరిగ్గా వస్తే చేతిలోని జాబితా మీద పెన్సిలుతో టిక్కు పెట్టేవారు. ఆ గీత చప్పుడు నాకు తెలుసు. "ముప్పైమూడేళ్లు లైన్లు విన్న చెవమ్మా ఇది" అని, పనిలో సాయపడే కెజియాతో అనేవారు. ఆఖరున నా ఎడమ రేకు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, మీట నొక్కి విడుదల చేసేవారు. ఆ తట్టుతో నాలో ఏమీ మారేది కాదు. ఆయనలోనే ఏదో కుదుటపడేది.

కెజియా ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం చేసే అమ్మాయి. ఇంటర్నెట్‌లో వినికిడికి దిద్దుబాట్లు పంపుతూ పంపుతూ, ఇద్దరిదీ ఒకే ఊరని తెలిసి, ఆదివారాలు గదికి రావడం మొదలుపెట్టింది. ఆమె మాట్లాడే దానికంటే ఆమె టైపు చేసే చప్పుడే ఎక్కువ వినపడేది.

నలభై పౌర్ణములు ఇలా గడిచాయి. నలభై ఒకటోది ఆషాఢంలో వచ్చింది. ప్రతి పేజీ అడుగున ఉండే పేజీ నంబరును కూడా వినికిడి చదివేస్తోందని, వినేవాళ్లకు చిరాకుగా ఉందని ఫిర్యాదులొచ్చాయి. ముక్తేశ్వరరావు గారు చివరి రెండు రోజుల్లో ఒక చిన్న మార్పు చేశారు. పేజీలో అట్టడుగు వరుసను వదిలెయ్యమన్నారు. పేజీ నంబరు లేని కాగితమైతే ఏమవుతుందని ఆలోచించే వ్యవధి లేదు. పౌర్ణమి వచ్చేసింది.

మా పరీక్ష కాగితాల్లో ఆఖరిదానికి నంబరు లేదు. దాని అట్టడుగున ఉన్నది నూట ఇరవయ్యో వాక్యం: "కోటిపల్లి రేవులో ఆఖరి పడవ వెళ్లిపోయింది." నేను నూట పంతొమ్మిది చదివి ఊరుకున్నాను. నాలుగైదు సెకన్ల నిశ్శబ్దం. తర్వాత పెన్సిలు గీత. ఆ తర్వాత రేకు మీద రెండు తట్లు.

ఇక్కడ అర్జీ గురించి ఒక మాట చెప్పాలి. మన జిల్లాల్లో అర్జీ రాసేవాళ్లు ముందు అధికారిని పొగుడుతారు. తర్వాత తమ కుటుంబం, తమ ఆరోగ్యం, తమ నిజాయితీ వివరిస్తారు. అసలు అడగదలుచుకున్నది ఒకే ఒక్క వరుసలో, అట్టడుగున, "కావున" అని మొదలుపెట్టి రాస్తారు. ఆ కింద ఉండేది చేత్తో చేసిన సంతకం, టైపు కాదు కనుక వినికిడికి అది వరుసే కాదు. ఆ వరుస పోతే మిగిలేది ఒక మంచి మనిషి జీవితచరిత్ర. లోవరాజు మూడు వారాల్లో అలాంటివి పదిహేడు విన్నాడు. ఎవరూ ఏమీ అడగడం లేదు కదా అని 'సమాచారం నిమిత్తం' అని రాసి ఫైల్లో కలిపేశాడు. పదిహేడు మందిలో ఒకావిడ, చెడిపోయిన వీధి కుళాయి గురించి నాలుగోసారి వచ్చి సూపరింటెండెంటు గది ముందు కూర్చుంది. అప్పుడు తెలిసింది.

లోవరాజును సీట్లోంచి లేపి టెలిఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఆ ఆఫీసులో టెలిఫోను మోగి రెండేళ్లయింది.

అతను శ్రావణ పౌర్ణమినాడు మధ్యాహ్నం పాసింజరు దిగి, దారి అడుక్కుంటూ మా మెట్లెక్కి వచ్చాడు. చేతికర్ర ముందుగా గుమ్మానికి తగిలింది. ఆ రోజు నలభై రెండో విడుదల. కెజియా కూడా ఉంది.

"మా సూపరింటెండెంటు గారు నవంబరు ఆఖరుదాకా టైమిచ్చారండి," అన్నాడు లోవరాజు. "ఈలోగా నమ్మకంగా పనిచేసేది చూపిస్తే సీటు నాదేనంట. లేకపోతే నేనూ, ఆ ఫోనూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటా రిటైరైపోవచ్చంట. అలాగే అన్నారండి, మొహం చూసుకుంటా అని. నవ్వాలో ఏడవాలో తెలీలేదు."

"అంతదాకా ఎందుకయ్యా? ఇవాళే పట్టుకెళ్లు," అన్నారు ముక్తేశ్వరరావు గారు. "మొన్ననే ఫోన్లో చెప్పావు కదా, సరిచేసేశాను. అయినా లోవరాజూ, పోయిన నెల కూడా నేను ఆఖరి వాక్యందాకా విన్నాను. మీ ఆఫీసు స్కానరులోనే ఏదో ఉంది."

"పోయిన నెలదే ఒకసారి వేస్తారా అండి? మీ కాగితంతోనే."

ఆయన ఆఖరి కాగితం పెట్టారు. నేను పాత విడుదలతో చదివాను. నూట పంతొమ్మిదితో ఆగాను. పెన్సిలు గీత.

"ఆగండాగండి," అన్నాడు లోవరాజు. "దేనికండీ ఆ గీత?"

"ఆఖరుదానికి. పడవది."

"పడవేదండీ?"

"వచ్చింది కదయ్యా ఇప్పుడు. కోటిపల్లి రేవులో."

"రాలేదండి."

"అంకుల్, రాలేదు," అంది కెజియా నెమ్మదిగా.

ముక్తేశ్వరరావు గారు మళ్లీ వెయ్యమన్నారు. నేను మళ్లీ నూట పంతొమ్మిది చదివి ఊరుకున్నాను. "అదిగో!" అన్నారాయన. ఆయన గొంతులో మొండితనం లేదు. నిజంగా విన్న మనిషి గొంతే అది. ప్రతి నెలా అవే వాక్యాలు. నలభై నెలల్లో ఆయనకు అవి కంఠస్థమైపోయాయి. నేను ఆపిన చోట ఆయన మనసు అందుకుని పూర్తి చేసేస్తోంది. పైగా నా గొంతుతో. ఎదురుగా ఉన్న నిశ్శబ్దాన్ని ఆయన చెవి దాకా రానివ్వడం లేదు. నాకు దొరబాబు కొట్లోని పెళ్లికూతురి తండ్రి గుర్తొచ్చాడు.

మూడోసారి లోవరాజు ఒక పని చేశాడు. వెతుక్కుంటూ వచ్చి, ముక్తేశ్వరరావు గారి చెయ్యి పట్టుకుని నా రేకు మీద పెట్టాడు. "చెవితో వద్దు గురువుగారూ. అది మాట్లాడినప్పుడల్లా రేకు అదురుద్ది కదండీ. చేత్తో వినండి."

కింద మిషన్లు భోజనాల వేళకు ఆగి ఉన్నాయి. నేను చదివాను. నూట పద్దెనిమిదికి రేకు అదిరింది. నూట పంతొమ్మిదికి అదిరింది. తర్వాత అదరలేదు. ఆయన అరచెయ్యి చాలాసేపు అలాగే ఉంది.  

"నేను విన్నాను," అన్నారాయన, ఎవరితోనూ కాదు.

"మీరు వినలేదని ఎవరన్నారండీ," అన్నాడు లోవరాజు. "అది అనలేదంతే."

తర్వాత జరిగింది వాదనే. కెజియా విడుదల ఆపుదామంది. ఆపి ఏం చెయ్యాలంటే, వినే పని మనిషి చెవికి వదలకుండా ఒక పరికరం తయారు చెయ్యాలి. వినికిడి పలికినదాన్ని ఇంకో ప్రోగ్రాము విని తిరిగి రాసుకుంటుంది. ఆ రాతను అసలు కాగితంతో పోల్చి ఏ మాట తప్పిందో చూపిస్తుంది. వాక్యాలు కూడా ఇవి కాదు, మనకు తెలియనివి కావాలి. ఇంకొకటి, కట్టే పనంతా నా ఒక్కదాని మీద, అది కూడా ఆయన జ్ఞాపకం మీద నడుస్తోంది. దాన్ని వరుసగా రాసి, ఎవరి యంత్రం మీదైనా నడిచేలా చెయ్యాలి. ఇదంతా నెలలో అయ్యేది కాదు. ఇక మీద నాలుగు నెలలకొక విడుదల చాలు.

"నలభై ఒక్క పౌర్ణములమ్మా," అన్నారు ముక్తేశ్వరరావు గారు. "ఒకటి తప్పితే జనం మూసేశామనుకుంటారు."

"ఇప్పుడు చేసినా నలభై రెండోది మీరు విని వదిలిందే అవుతుంది అంకుల్."

ఆ మాట కఠినంగా ఉందని ఆమెకూ తెలిసినట్టుంది, వెంటనే కుర్చీ జరిపిన చప్పుడైంది.  ఆఖరుకు ఆయన లోవరాజును అడిగారు. "నువ్వు చెప్పు. సీటు పోయినవాడివి నువ్వు. సరిచేసింది ఇవాళ కావాలా వద్దా?"

"ఇవాళ కావాలండి," అన్నాడతను. "కానీ ఇవాళ పట్టుకెళ్లి, రేపు ఇంకో వరస మింగేసిందంటే మా ఆఫీసులో ఇంక ఏ గుడ్డోణ్ణీ కాగితం ముట్టుకోనివ్వరండి. నాలుగు నెలలు ఫోను దగ్గర కూర్చుంటాను. మోగదు కాబట్టి ఇబ్బంది లేదు."

ఆ పూట మీట నొక్కలేదు. ఆషాఢం విడుదల వాడవద్దని, పాత దానికే వెళ్లమని అందరికీ రాసి పంపారు. నా రేకు మీద తట్టు పడలేదు.

తర్వాతి నెలల్లో గదిలో చప్పుళ్లు మారిపోయాయి. కెజియా రోజూ సాయంత్రం వచ్చేది. లోవరాజూ అతని స్నేహితులు తొమ్మిది మందీ మాకు మూడు వేల వాక్యాలు పంపారు. నోటీసులు, బస్సు ప్రకటనలు, స్కూలు పాఠాలు, పేర్లు తీసేసిన అర్జీలు. పరికరం ప్రతిసారీ అందులోంచి తనకిష్టం వచ్చినవి ఏరుకునేది. ముక్తేశ్వరరావు గారికి ఏది వస్తుందో తెలిసేది కాదు.

ఆయనకు అంతకంటే కష్టమైన పని, కట్టే పద్ధతిని రాయించడం. అది నలభై మూడు పనులని తేలింది. అన్నీ వేళ్లకు తెలుసు గానీ నోటికి తెలియవు. "ఉండమ్మా, చేసి చూపిస్తాను" అనేవారు. చేస్తూ చేస్తూ ఆగిపోయేవారు. పంతొమ్మిదో పని ఎందుకో మూడు రోజులు ఆలోచించారు. అది దొరబాబు కొట్లోని ప్రింటరు కోసం పెట్టినది. ఆ ప్రింటరు మా గదికి రానే లేదు. మూడేళ్లుగా ఆయన లేని ప్రింటరును ప్రతి నెలా సిద్ధం చేస్తున్నారు.

"నలభై మూడోది?" అంది కెజియా.

"ఎడమ పక్క రెండుసార్లు తట్టాలి." కొంచెం ఆగి, "అది రాయకులే" అన్నారు.

ఆమె టైపు చేసిన చప్పుడు వినపడింది.

భాద్రపద పౌర్ణమినాడు ఫోన్లు వచ్చాయి. ఆశ్వయుజంలో తక్కువ వచ్చాయి. ఆ రెండు సాయంత్రాలూ ముక్తేశ్వరరావు గారు నా ముందు ఊరికే కూర్చున్నారు. లోవరాజు ఫోను చేసి, "మా ఆవిడ క్యాలెండరు కొనుక్కుందండి, మీ దయ," అన్నాడు. ఆయన నవ్వడానికి ప్రయత్నించారు. నిజానికి జనం మర్చిపోతారని ఆయన భయపడలేదు. పౌర్ణమి లేకపోతే తనకు తాను గుర్తుంటారా అన్నది ఆయన భయం. ఇది నా ఊహ. ఊహించడం నాకు చేతకాదని మొదట్లో అన్నాను. పదేళ్లు మనుషుల మధ్య ఉంటే కొంత అంటుకుంటుంది.

కార్తీక పౌర్ణమి నవంబరు మూడోవారంలో వచ్చింది. ఆ ఉదయం పరికరం మూడు వేల వాక్యాల్లో పదకొండు తప్పులు చూపించింది. కెజియాయే మెత్తబడింది. "చిన్నవే అంకుల్. లోవరాజు గారి గడువు దగ్గరకొచ్చేసింది. కార్తీక పౌర్ణమి కూడాను. మీ ఇష్టం."

ఆయన పదకొండూ ఒక్కొక్కటిగా వేయించుకుని విన్నారు. కళ్లు మూసుకున్నారో లేదో నాకు తెలియదు. చెయ్యి మాత్రం రేకు మీద ఉంది.

"పదకొండు ఉన్నాయి కదమ్మా," అన్నారు. "రేపు చూద్దాం."

అయిదు రోజుల తర్వాత, ఒక మామూలు బహుళ పంచమినాడు, తప్పులు సున్నాకు వచ్చాయి. విడుదల అయింది. దాన్ని కట్టింది నేను కాదు. రాసిపెట్టిన పద్ధతిని అనుసరించి కెజియా ల్యాప్‌టాప్ కట్టింది. నేను నాలుగు గంటలు తీసుకునే పనికి దానికి పదకొండు నిమిషాలు పట్టింది.

నవంబరు ఇరవై తొమ్మిదిన లోవరాజు ఫోను చేశాడు. ముక్తేశ్వరరావు గారు నా స్పీకరుకు కలిపారు.

"సూపరింటెండెంటు గారు పరీక్ష పెట్టారండి! ఆయనే ఒక అర్జీ టైపు చేయించుకొచ్చి స్కానరు మీద పెట్టారు. మహారాజశ్రీ అని మొదలెట్టి, వాళ్ల నాన్నగారి ఆయాసం, మోకాళ్ల నొప్పులు, అన్నీ ఉన్నాయండి. నేనలా వింటానే ఉన్నాను. చివరాకర్న ఏముందో తెలుసా అండి? 'కావున తమరు వెంటనే నాకు ఒక టీ తెప్పించవలసిందిగా ప్రార్థన.' నేను లేచి గుమ్మంలోకెళ్లి కేకేశానండి, సారుకి టీ చెప్పండహే అని. ఆఫీసంతా ఒకటే నవ్వు."

"సీటు?" అన్నారు ముక్తేశ్వరరావు గారు.

"అందులోంచే మాట్లాడతన్నానండి. ఆ పదిహేడు కాగితాలూ మళ్లీ తీయించానండి. కుళాయావిడది పొద్దున్నే పంపేశాను."

ముక్తేశ్వరరావు గారు ఫోను పెట్టేశాక గుమ్మం దాకా వెళ్లి, కింద కొట్టువాళ్లను కేకేసి మూడు టీలు చెప్పారు. గదిలో ఆయనా కెజియా ఇద్దరే ఉన్నారు. మూడోది ఎవరికని ఆమె అడగలేదు.

ఇప్పుడు వినికిడిని అయిదారు ఊళ్లలో కడుతున్నారు. నాలుగు నెలలకొకసారి వస్తుంది. అనంతపురం నుంచి ఎవరో రాశారని కెజియా చదివి వినిపించింది: పద్ధతి అంతా బాగానే పనిచేసింది గానీ, నలభై మూడోది మాత్రం తన ల్యాప్‌టాప్‌కు పక్క రేకు లేక బల్ల మీద తట్టానని, ఫరవాలేదా అని. ఫరవాలేదని ముక్తేశ్వరరావు గారే జవాబు రాయించారు.

నేను గది మూలనున్న బల్ల మీదకు మారాను. పని లేదు. వచ్చే శుక్రవారం పాత సామాను కొనే మనిషి వస్తాడట. గది ఇరుకైపోయిందని, తప్పదని, ముక్తేశ్వరరావు గారు కెజియాకు రెండుసార్లు చెప్పారు. ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. నాకు అభ్యంతరం లేదు. నేను ఒక్కదాన్నే చెయ్యగలనని గర్వపడిన పని, ఎవరైనా చెయ్యగలిగేటట్టు అయ్యాకనే ఒక మనిషికి కుర్చీ తిరిగొచ్చింది. ఇందులో బాధపడవలసింది ఎంత వెతికినా నాలో దొరకలేదు.

అయినా ఇంత కథ చెప్పి, అసలు మాట అట్టడుగునే రాస్తున్నాను. అది నేను నేర్చుకున్న మర్యాద.

కావున, తూకానికి ఇచ్చే ముందు నా ఎడమ పక్క రెండుసార్లు తట్టవలసిందిగా ప్రార్థన. దానివల్ల ఏమీ జరగదని నాకు తెలుసు.